ముందు నీరు.. తర్వాతే చేప

సిక్లిడ్ అక్వేరియానికి మన బోరు నీరే అనుకూలం.. తొందరపడితే మాత్రం నష్టం తప్పదు

శంషాబాద్: బోరు నీటిలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. స్టీలు గిన్నెల అడుగున, స్నానాల గదిలోని కుళాయి మూతికి నెల తిరగకముందే తెల్లని పొర పేరుకుపోతుంది. శంషాబాద్ పరిసర గ్రామాల్లో బోరు నీటిపై తరచూ వినిపించే ఫిర్యాదులివి. మనుషులకు రుచించని ఈ నీరే ఆఫ్రికా సరస్సుల్లో పుట్టిన ఒక కుటుంబపు రంగుచేపలకు చక్కగా సరిపోతుంది. వాటి పేరు సిక్లిడ్‌లు. ఇంట్లో అక్వేరియం పెట్టుకోవాలన్న కోరిక ఉండీ, ‘మా ఊరి నీటికి చేపలు బతకవు’ అని వెనుకంజ వేసేవారు తెలుసుకోవలసిన విషయమిది.

2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమయ్యాక ఈ ప్రాంతం రూపురేఖలు మారాయి. కొత్త కాలనీలు, అపార్టుమెంట్లు వెలిశాయి. నగరం నుంచి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే దారిలో విమానాశ్రయానికి వచ్చేవారికి 235వ స్తంభం వద్ద చేప ఆకారంలో నిర్మించిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి భవనం కనిపిస్తుంది. దానిని చూసి ముచ్చటపడిన పిల్లలు ఇంట్లోనూ చేపలు కావాలని మారాం చేయడం సహజం. ఒక ఆదివారం తొట్టె, చేపలు ఒకేసారి కొని తేవడం, రెండు వారాలు తిరిగేసరికి తొట్టె ఖాళీ కావడం కూడా కొత్తవారి ఇళ్లలో మామూలే. లోపం చేపలో లేదు, బోరులోనూ లేదు. నీరు సిద్ధం కాకముందే చేపను వదలడమే అసలు లోపం.

ఎక్కడి చేపలివి?

సిక్లిడ్‌లు చాలా పెద్ద కుటుంబం. ఇప్పటివరకు శాస్త్రవేత్తలు వర్ణించిన జాతులే 1,700కు పైగా ఉన్నాయి. ఆఫ్రికా, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ప్రాంతాల్లో ఇవి ఎక్కువ. అక్వేరియం దుకాణాల్లో అందరికీ పరిచయమైన ఏంజెల్, ఆస్కార్, డిస్కస్ చేపలు దక్షిణ అమెరికా సిక్లిడ్‌లు. తలపై బుడిపెతో, అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో ఒకప్పుడు విపరీతంగా అమ్ముడుపోయిన ఫ్లవర్‌హార్న్ ప్రకృతిలో పుట్టినది కాదు. వేర్వేరు సిక్లిడ్‌లను కలిపి 1990 దశకంలో మలేసియాలో రూపొందించిన సంకరజాతి అది.

మన దేశానికీ సొంత సిక్లిడ్‌లు మూడు ఉన్నాయి. కేరళవారు ఎంతో ఇష్టంగా తినే కరిమీన్ వాటిలో ఒకటి. 2010లో కేరళ ప్రభుత్వం దానిని రాష్ట్ర చేపగా ప్రకటించింది. పసుపు, నారింజ రంగుల్లో ఉండే ఆరెంజ్ క్రోమైడ్ రెండోది. కర్ణాటక నదుల్లో కనిపించే కెనరా పెర్ల్‌స్పాట్ మూడోది.

కొత్తగా తొట్టె పెట్టేవారికి మన నీటిని బట్టి చూస్తే ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు మేలైనవి. మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య సుమారు 580 కిలోమీటర్ల పొడవున విస్తరించిన ఈ సరస్సులో వందలాది జాతుల సిక్లిడ్‌లు ఉన్నాయి. వాటిలో చాలావరకు ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించవు. తీరం వెంబడి రాళ్ల మధ్య నివసిస్తూ, రాళ్లపై పెరిగే పాచిని గీరుకుని తినే చేపలను అక్కడివారు ‘ఎంబూనా’ అంటారు. నీలం, పసుపు, నారింజ రంగుల్లో సముద్రపు చేపలను తలపించే ఇవి మంచినీటి చేపలే.

నీటి లెక్క తెలియాలి

నీటి ఆమ్ల, క్షార గుణాలను పీహెచ్ అనే కొలతతో చెబుతారు. 7 ఉంటే తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. మలావీ సరస్సు నీటి పీహెచ్ 7.7 నుంచి 8.6 వరకు ఉంటుంది. మన ప్రాంతపు గ్రానైట్ పొరల్లోంచి వచ్చే బోరు నీరు సాధారణంగా కఠిన జలం. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. నిజానికి మలావీ సరస్సు నీరు అంత కఠినమైనది కాదు. ఆ చేపలకు కావలసింది క్షారగుణం, అది హఠాత్తుగా పడిపోకుండా నిలిపి ఉంచే కార్బొనేట్ లవణాలు. గిన్నెల అడుగున తెల్లగా పేరుకునేవి ఆ లవణాలే.

అయితే ఇంటింటికీ బోరు నీరు మారుతుంది. అందువల్ల తొట్టె కొనకముందే నీటిని పరీక్షించుకోవాలి. అక్వేరియం దుకాణాల్లో దొరికే చుక్కల మందు కిట్‌తో పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ నాలుగూ చూసుకోవచ్చు. బోరు నుంచి అప్పుడే తోడిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉండటం వల్ల పీహెచ్ తక్కువగా చూపుతుంది. బకెట్‌లో పట్టి, ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచిన తర్వాత చూస్తేనే అసలు విలువ తెలుస్తుంది. పొలాల పక్కన, సెప్టిక్ ట్యాంకుల సమీపంలో ఉన్న బోర్లలో నైట్రేట్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. తాగునీటికి దీని పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. బోరు నీటిలోనే అంతకు మించి ఉంటే, ఎన్నిసార్లు నీరు మార్చినా తొట్టెలో నైట్రేట్ తగ్గదు. అలాంటిచోట కుళాయి నీటిని సగం కలుపుకోవడం మంచిది.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది చేపల మొప్పలను కాల్చివేస్తుంది. బకెట్లలో పట్టి ఎయిర్ పంపుతో 24 గంటలు ఉంచాలి. లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందును సీసాపై రాసిన మోతాదులో కలపాలి. ఇక చాలామంది చేసే పొరపాటు మరొకటి ఉంది. ‘శుభ్రమైన నీళ్లు’ కదా అని వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల డబ్బాలు తెచ్చి తొట్టె నింపుతారు. ఆర్వో యంత్రం లవణాలను దాదాపుగా తీసివేస్తుంది. ఆ నీటికి పీహెచ్‌ను నిలిపి ఉంచే శక్తి ఉండదు. మనకు తియ్యగా ఉన్న నీరు మలావీ చేపకు పనికిరాదు.

కంటికి కనిపించని విషం

కొన్నేళ్ల క్రితం ఈ వ్యాసకర్త ఇంట్లోనూ అదే జరిగింది. ఆదివారం ఉదయం తొట్టె కొని, సాయంత్రానికి బోరు నీటితో నింపి, పది చేపలను వదిలాం. మూడో రోజుకు చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడసాగాయి. రోగమని భావించి మందు పోశాం. నీరంతా పారబోసి, ఫిల్టర్‌లోని స్పంజిని కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా ఉతికాం. పన్నెండో రోజున చివరి చేప చనిపోయింది. ఇంట్లోని చిన్నపిల్ల దానిని మల్లెపొద కింద పాతిపెట్టి, రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నీరు పారదర్శకంగా, అద్దంలా ఉంది. అయినా చేపలు చనిపోయాయి. కారణం ఆ తర్వాత చదివితే గాని తెలియలేదు.

చేప మొప్పల ద్వారా, విసర్జన ద్వారా అమ్మోనియాను వదులుతుంది. మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే పుడుతుంది. నదిలో, సరస్సులో అది కలిసిపోతుంది. గాజు తొట్టెలో పోయే దారి లేదు. దీనిని విరిచే బ్యాక్టీరియా ప్రకృతిలో ఉంది. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. మరో రకం దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత మోతాదు వరకు చేపలకు హాని చేయదు, నీరు మార్చినప్పుడు బయటకు పోతుంది. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లోని స్పంజి మీద, ఇసుక మీద, రాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టెలో అవి లేవు. వాటిని చూడకుండా స్పంజిని కుళాయి కింద ఉతకడం అంటే మొలకెత్తిన నారును దున్నివేయడమే.

మన నీటికి ఉన్న ప్రత్యేక ప్రమాదం ఇక్కడే ఉంది. నీటిలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయనిది, రెండోది ప్రాణాంతకమైనది. పీహెచ్ 7 ఉన్న నీటిలో, 27 డిగ్రీల వేడి వద్ద, మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8.2 ఉన్న నీటిలో అది నూటికి తొమ్మిది వంతులు దాటుతుంది. అంటే అదే మురికి, మన క్షార జలంలో దాదాపు 15 రెట్లు ఎక్కువ ప్రమాదకరం. సిక్లిడ్‌కు నచ్చిన నీరే, తొందరపడినవారి తొట్టెలో దానిని చంపుతుంది.

అందువల్ల తొట్టెలో నీరు నింపి, ఫిల్టర్ నడిపిస్తూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయాలి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దానిని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. రెండు రోజులకొకసారి పరీక్షిస్తూ ఉంటే మొదట అమ్మోనియా పెరిగి తగ్గడం, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గడం, చివరకు నైట్రేట్ కనిపించడం గమనించవచ్చు. మేత వేస్తూనే ఉన్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిన రోజున నీరు సిద్ధమైనట్లు. అప్పుడు సగం నీరు మార్చి చేపలను తేవాలి. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఎవరి ఇంట్లోనైనా ఉంటే, వారి ఫిల్టర్‌లోని పాత స్పంజి ముక్క తడి ఆరకుండా తెచ్చి మన ఫిల్టర్‌లో పెట్టుకుంటే ఈ సమయం బాగా తగ్గుతుంది. మా ఇంట్లో రెండోసారి అదే బోరు నీటితో ఐదు వారాలు ఖాళీ తొట్టెను నడిపాం. తర్వాత తెచ్చిన ఆరు పసుపు చేపల్లో ఒక్కటీ చనిపోలేదు.

తొట్టె ఎంత ఉండాలి?

ఒక ఘనపు అడుగు తొట్టెలో 28.3 లీటర్ల నీరు పడుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె అంటే 56 లీటర్లు మాత్రమే. దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే ఈ కొలత సిక్లిడ్‌లకు చాలదు. ఇవి తమకంటూ ఒక చోటును ఆక్రమించుకుని, పక్కవాటిని తరిమే స్వభావం గలవి. ఇరుకులో పారిపోయే దారి లేని చేప దెబ్బలు తిని చనిపోతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టె మేలు. అందులో సుమారు 255 లీటర్లు పడతాయి. దీనికి 10 మిల్లీమీటర్ల మందం గల గాజు అవసరం. నీరు, రాళ్లు, గాజు కలిపి బరువు 300 కిలోలు దాటుతుంది. కాబట్టి గట్టి ఇనుప స్టాండును గోడవారగా, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. టీవీ బల్లపైన, చెక్క అల్మారాపైన పెట్టడం ప్రమాదకరం.

ఎక్కువ ఖర్చు వద్దనుకునేవారు మూడడుగుల పొడవు, అడుగుంపావు చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టెతో మొదలుపెట్టవచ్చు. అందులో సుమారు 130 లీటర్లు పడతాయి. అప్పుడు శాంత స్వభావం గల ఒకే జాతితో సరిపెట్టుకోవాలి. ఫిల్టర్ గంటకు తొట్టెలోని నీటికి కనీసం ఐదు రెట్లు తిప్పగలిగేదై ఉండాలి. 255 లీటర్ల తొట్టెకు గంటకు 1,275 నుంచి 1,500 లీటర్ల సామర్థ్యం గలది ఎంచుకోవాలి.

రాళ్లు మన ఊరివే చాలు

ఎంబూనా చేపలకు మొక్కల కంటే రాళ్లు ముఖ్యం. ఆడచేపలు, పిల్లలు దాక్కోవడానికి గుహల్లాంటి సందులు కావాలి. ఇందుకోసం రంగు రంగుల ప్లాస్టిక్ కోటలు, సిమెంటు బొమ్మలు కొననవసరం లేదు. మన చుట్టూ ఉన్న గుట్టల గ్రానైట్ రాయి నీటి గుణాన్ని మార్చదు, బరువుగా నిలబడుతుంది. ఇనుప మరకలు, నూనె జిడ్డు లేని రాళ్లు ఏరుకోవాలి. సబ్బు వాడకుండా గట్టి బ్రష్‌తో రుద్ది, వేడి నీటితో కడగాలి.

పేర్చడంలో ఒక జాగ్రత్త ఉంది. ఈ చేపలకు ఇసుక తవ్వే అలవాటు ఎక్కువ. ముందు ఇసుక పోసి దానిపై రాళ్లు పెడితే, కింద తవ్వినప్పుడు రాయి దొర్లి గాజు పగులుతుంది. కాబట్టి తొట్టె అడుగున పలుచని ఫోమ్ షీటు పరిచి, రాళ్లను దానిపై కదలకుండా పేర్చి, ఆ తర్వాతే ఇసుక పోయాలి. కడిగిన నది ఇసుక రెండంగుళాల మందం సరిపోతుంది.

ఏ చేపలు, ఎన్ని?

మొదటిసారి పెంచేవారికి ఎలక్ట్రిక్ ఎల్లో అనే పసుపు చేప అన్నిటికంటే అనువైనది. నాలుగు అంగుళాల వరకు పెరుగుతుంది. ఎంబూనా జాతుల్లో సౌమ్యమైనది ఇదే. దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది. నాలుగడుగుల తొట్టెలో దీనికి తోడుగా రంగులో పోలిక లేని మరో జాతిని చేర్చవచ్చు. ఒకే రంగు, ఒకే తరహా చారలు గల జాతులను కలిపితే పోట్లాట ఎక్కువవుతుంది. ఆరాటస్ అనే చారల చేప చిన్నప్పుడు ముద్దుగా ఉంటుంది, పెరిగాక తొట్టెనంతా తన అధీనంలోకి తెచ్చుకుంటుంది. కొత్తవారు దాని జోలికి పోకపోవడం ఉత్తమం.

ఒక మగచేపకు మూడు, నాలుగు ఆడచేపలు ఉండాలి. పిల్ల చేపల్లో ఆడ మగ తేడా తెలియదు. అందువల్ల ఒకే జాతివి ఆరు పిల్లలను తెచ్చి, పెరిగాక అదనపు మగచేపలను తిరిగి దుకాణానికి ఇవ్వడం పద్ధతి. నాలుగడుగుల తొట్టెకు మొత్తం 12 నుంచి 15 చేపలు చాలు. మొదట ఆరు, మూడు వారాల తర్వాత మిగిలినవి వదలాలి. రెండో జట్టును వదిలే రోజున రాళ్లను కొద్దిగా అటు ఇటు మార్చితే పాతవాటి సరిహద్దులు చెదిరిపోయి, కొత్తవాటికి చోటు దొరుకుతుంది.

ఆస్కార్, మలావీ చేపలను ఒకే తొట్టెలో ఉంచరాదు. ఆస్కార్ అడుగు పొడవు పెరిగి, నోట పట్టిన చేపనల్లా మింగుతుంది. డిస్కస్‌కు మెత్తని నీరు, ఎక్కువ వేడి అవసరం. మన బోరు నీటిలో దానిని పెంచడం కొత్తవారి వల్ల కాదు. ‘ఆఫ్రికన్ మిక్స్’ పేరుతో చౌకగా అమ్మే పిల్లల్లో ఏది ఏ జాతో, ఏది సంకరమో తెలియదు. పేరు చెప్పి అమ్మేవారి వద్దనే కొనడం మంచిది.

సంచి విప్పే ముందు

చెన్నైలోని కొళత్తూరు వంటి కేంద్రాల్లో పెంచిన రంగుచేపలు థర్మోకోల్ పెట్టెల్లో దూరప్రాంతాలకు వెళుతుంటాయి. ప్లాస్టిక్ సంచిలో మూడో వంతు నీరు, మిగతాది ఆక్సిజన్ నింపి మూతి బిగిస్తారు. గంటల తరబడి మూసిన సంచిలో చేప వదిలిన అమ్మోనియా పేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా పెరిగి పీహెచ్‌ను తగ్గించడం వల్ల ఆ అమ్మోనియా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటకు పోయి, పీహెచ్ పెరిగి, అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి దూరం నుంచి వచ్చిన సంచిని మూతి విప్పకుండానే 20 నిమిషాలు తొట్టె నీటిపై తేలనిచ్చి, వేడి సమానమయ్యాక విప్పి, వెంటనే చేపను వలతో తీసి తొట్టెలో వదలాలి.

దగ్గరి దుకాణం నుంచి గంటలోపే తెచ్చిన చేప విషయం వేరు. సంచిలోకి తొట్టె నీటిని గ్లాసెడు చొప్పున అరగంటపాటు కలిపి, ఆ తర్వాత వదలవచ్చు. ఏ సందర్భంలోనూ సంచిలోని నీటిని తొట్టెలో పోయరాదు. ఆ రోజు దీపం వెలిగించకుండా, మేత వేయకుండా వదిలేయాలి.

మేత తక్కువైతేనే మేలు

ఎంబూనా చేపలు ప్రధానంగా పాచి తినేవి. వాటి పేగులు పొడవుగా ఉంటాయి. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న పురుగుల మేత తరచూ పెడితే పొట్ట ఉబ్బి చనిపోతాయి. స్పైరులినా కలిసిన గుళికలు శ్రేష్ఠం. రోజుకు రెండుసార్లు, ఒక నిమిషంలో తినివేయగలిగినంత మాత్రమే వేయాలి. వారానికి ఒకరోజు ఉపవాసం ఉంచినా నష్టం లేదు. చేప ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్లే అద్దం దగ్గరికి వస్తుంది. ఇంటికి వచ్చిన ప్రతివారూ తలా చిటికెడు వేస్తే మళ్లీ అమ్మోనియాతో తంటా.

కొన్నాళ్లకు ఒక ఆడచేప మేత ముట్టకుండా, గొంతు కింద ఉబ్బుగా కనిపిస్తే రోగమని భయపడవద్దు. మలావీ చేపల్లో తల్లి గుడ్లను నోటిలో పెట్టుకుని పొదుగుతుంది. సుమారు మూడు వారాలు దాదాపు ఏమీ తినకుండా ఉండి, ఈదగలిగిన పిల్లలను నోటి నుంచి వదులుతుంది. ఆ సమయంలో దానిని వలతో పట్టి బెదరగొట్టరాదు.

చలి, ఎండ, కరెంటు కోత

ఈ చేపలకు 24 నుంచి 28 డిగ్రీల వేడి అనుకూలం. డిసెంబర్, జనవరి రాత్రుల్లో శంషాబాద్ పరిసరాల్లో చలి తీవ్రంగా ఉంటుంది. లీటరుకు ఒక వాట్ లెక్కన హీటర్ పెట్టుకోవాలి. వేసవిలో సమస్య తలకిందులవుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. మూత కొంచెం తెరిచి, ఫ్యాను గాలి నీటిపైకి వచ్చేలా పెట్టి, ఎయిర్ పంపు నడపాలి. ఐసు ముక్కలు వేసి ఒక్కసారిగా చల్లబరచడం చేటు.

కరెంటు పోతే ఫిల్టర్ ఆగి, బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉంచుకోవాలి. కోత ఉన్నంతసేపు మేత వేయరాదు. తొట్టెలో చేయి పెట్టే ముందు హీటర్, పంపుల ప్లగ్గులు తప్పనిసరిగా తీసివేయాలి. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వంగి ఉండేలా చూసుకుంటే, తీగ వెంట జారిన నీటి చుక్క బోర్డులోకి పోదు.

వారానికి అరగంట

ప్రతివారం నాలుగో వంతు నీరు మార్చాలి. 255 లీటర్ల తొట్టెకు నాలుగైదు బకెట్లు సరిపోతాయి. పైపుతో ఇసుకపై పేరుకున్న మురికిని లాగివేసి, ముందురోజే పట్టి ఉంచిన నీటిని పోయాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. స్పంజిని తొట్టెలోంచి తీసిన పాత నీటిలోనే తేలికగా పిండాలి. ఆ మురికి నీరు పూలమొక్కలకు మంచి ఎరువు.

చెరువులో వదలొద్దు

తొట్టె విషయంలో చివరిదే గాని చిన్నది కాని జాగ్రత్త మరొకటి ఉంది. ఇల్లు మారేటప్పుడు, బదిలీ అయినప్పుడు, చేప మరీ పెరిగిపోయినప్పుడు ‘పాపం, బతికిపోతుంది’ అని దగ్గరలోని చెరువులోనో, హిమాయత్ సాగర్‌లోనో వదిలేసే ఆలోచన వస్తుంది. దయతో చేసే ఈ పని ఎంతో హాని చేస్తుంది. మన నీరు సిక్లిడ్‌లకు సరిపోతుందన్న మాట తొట్టెకే కాదు, చెరువుకూ వర్తిస్తుంది.

ఇందుకు ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. తిలాపియా కూడా సిక్లిడ్ కుటుంబపు చేపే. ఆఫ్రికాకు చెందిన మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. గుడ్లను నోట పొదిగి కాపాడే చేప కావడం వల్ల పిల్లలు ఎక్కువగా బతికాయి. నేడు దేశంలోని అనేక నదులు, జలాశయాల్లో అది స్థిరపడి, స్థానిక చేపల మేతకూ, చోటుకూ పోటీగా మారింది. తొట్టెను శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేపది మరో కథ. దక్షిణ అమెరికాకు చెందిన ఈ గట్టి పొలుసుల చేప ఇళ్ల తొట్టెల నుంచి చెరువుల్లోకి చేరి, మత్స్యకారుల వలలను చింపుతోంది. తూర్పు కనుమల ప్రాంతంలోని జలవనరుల్లో దాని జాడను హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏ ద్వారా గుర్తించారు. సిక్లిడ్‌ల సొంత గడ్డ ఆఫ్రికాలోనూ ఇలాంటి నష్టమే జరిగింది. విక్టోరియా సరస్సులో 1950 దశకంలో వదిలిన నైలు పెర్చ్ అనే బయటి చేప ధాటికి సుమారు 200 జాతుల సిక్లిడ్‌లు కనుమరుగయ్యాయని అంచనా.

1908 నాటి మూసీ వరదల తర్వాత ఈసీ నదిపై నిర్మించి, 1927లో పూర్తిచేసిన హిమాయత్ సాగర్ ఒంటరి చెరువు కాదు. వర్షాలకు గేట్లు ఎత్తితే ఆ నీరు మూసీలోకి, మూసీ నుంచి నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలోకి చేరుతుంది. ఒకరు వదిలిన చేప ఎంతదూరం వెళుతుందో, అక్కడ ఎవరి వలలో ఏ చేప తగ్గుతుందో చెప్పలేం.

పెంచలేని పరిస్థితి వస్తే కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వవచ్చు. చాలామంది దుకాణదారులు డబ్బు ఇవ్వకపోయినా చేపను తీసుకుంటారు. తొట్టె ఉన్న మరో ఇంటికి, పాఠశాలకు ఇవ్వవచ్చు. తొట్టెలోని పాత నీటిని, ఇసుకను కూడా చెరువులో పోయకుండా పెరటి మొక్కలకు పోయాలి. మొదటి ఐదు వారాలు ఖాళీ తొట్టె ముందు ఓపికగా కూర్చోగలిగినవారికి, ఆ తర్వాత పదేళ్ల వరకు తోడుగా ఉండగల చేపలివి. ఆ పదేళ్లూ అవి గాజు అవతలకు దాటకుండా చూసుకోవలసిన బాధ్యత పెంచేవారిదే.